నోటు మీద చిన్న గీత

రెండో ప్రపంచయుద్ధం చివర్లో మిత్రరాజ్యాల సైన్యాలు జర్మనీలో చలామణీలో పెట్టిన మార్కు నోట్లు పాత నోట్లు సేకరించేవాళ్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి. వాటి మీద ఏ రాజు బొమ్మా, ఏ నాయకుడి బొమ్మా ఉండదు. 'మిత్రరాజ్యాల సైనికాధికారం' అని జర్మన్‌లో రాసి ఉంటుంది, అంతే. సీరియల్ నంబరు దగ్గర జాగ్రత్తగా చూస్తే కొన్ని నోట్లలో అంకెల ముందు ఒక చిన్న అడ్డగీత కనిపిస్తుంది. ఆ గీత ఉంటే నోటు సోవియట్ యూనియన్‌లో అచ్చయిందని గుర్తు. మిగతా డిజైనంతా ఒకటే. కారణం, అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ వాడింది ఒకే నమూనా అచ్చు పలకలు.

ఆ పలకలు మాస్కోకు చేరింది 1944 వసంతంలో. జర్మనీలోకి అడుగుపెట్టాక సైనికుల జీతాలకు, స్థానిక కొనుగోళ్లకు ఉమ్మడి కరెన్సీ కావాలని అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మూడూ అనుకున్నాయి. నోట్లు మేమే అచ్చేసి మీ వాటా పంపిస్తామని అమెరికా చెప్పింది. మా సైన్యానికి ఎప్పుడు ఎంత కావాలో మాకు తెలుసు, పలకలే ఇవ్వండని సోవియట్లు అడిగారు. పలకలు చేయి దాటితే ఎంత అచ్చవుతుందో లెక్క ఉండదని అమెరికా ముద్రణాలయం అధిపతి ఆల్విన్ హాల్ అభ్యంతరం చెప్పాడు. ఆ మాట నెగ్గలేదు. యుద్ధం నడుస్తోంది, జర్మన్ సైన్యంలో ఎక్కువ భాగాన్ని ఎదుర్కొంటున్నది సోవియట్ సైన్యమే, అనుమానిస్తున్నట్టు కనపడకూడదు. పలకలు విమానంలో వెళ్లిపోయాయి. ఎన్ని నోట్లు అచ్చేశారో తెలపాలన్న షరతు ఒక్కటీ వాటితో వెళ్లలేదు.

నెలల తరబడి జీతం అందని సోవియట్ సైనికులకు బెర్లిన్‌లో బకాయిలన్నీ కలిపి ఈ మార్కుల్లోనే ఇచ్చారు. ఇంటికి పట్టుకెళ్తే అవి రూబుళ్లుగా మారవు, అక్కడే ఖర్చుపెట్టాలి. అమెరికన్ సైనికుడికి మాత్రం 10 మార్కులకు 1 డాలర్ చొప్పున ఇంటికి పంపుకునే వీలుంది. టియర్‌గార్టెన్ పార్కులో, జర్మన్ పార్లమెంటు భవనం రైఖ్‌స్టాగ్ చుట్టుపక్కల ఈ రెండు జేబులూ కలిశాయి. చేతి గడియారాలు, సిగరెట్ పెట్టెలు వేల మార్కులకు చేతులు మారాయి. బెర్లిన్‌లోని అమెరికన్ సైనికులు తీసుకున్న జీతం కంటే ఎన్నో రెట్లు ఇళ్లకు పంపారు. 1945 నవంబరులో సైన్యం ప్రతి సైనికుడికీ కరెన్సీ లెక్కల పుస్తకం పెట్టి దీన్ని ఆపేసరికి అమెరికా సైనిక ఖాతాలో సుమారు 25 కోట్ల డాలర్ల గండి పడింది. అందులో సోవియట్ నోట్లు ఎన్నో చెప్పమంటే మాస్కో నుంచి జవాబు లేదు.

ఈ నోటుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. అమెరికా, సోవియట్ యూనియన్ మిత్రులుగా యుద్ధం గెలిచి మూడేళ్లలో ప్రత్యర్థులయ్యాయి. ఎందుకని అడిగితే కమ్యూనిజానికీ పెట్టుబడిదారీ విధానానికీ పడదు కాబట్టి అంటారు. లేదా రూజ్‌వెల్ట్ పోయి ట్రూమన్ వచ్చాడు కాబట్టి, లేదా స్టాలిన్ మనస్తత్వం అలాంటిది కాబట్టి. మనవాళ్లయితే ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇవన్నీ తప్పు మనుషుల గుణంలోనో, సిద్ధాంతంలోనో ఉందంటాయి. నేను వేరేచోట ఉందంటాను. యుద్ధం నడిచేటప్పుడు మిత్రులు చేసే పనులు లెక్క రాసుకోకుండా, పంపకం తేల్చుకోకుండా చేస్తారు. అలా చేయకపోతే యుద్ధం నడవదు. గెలిచిన రోజున ఆ లెక్కలన్నీ ఒకేసారి ఎదురొస్తాయి. ఆపాటికి తన వాటా అవతలివాడిని అడక్కుండా తీసుకోగల బలం ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది. 1945లో ఆ తేలని ఉమ్మడి ఆస్తి పేరు జర్మనీ.

సిద్ధాంతం సంగతే ముందు చూద్దాం. 1917 విప్లవం తర్వాత అర్ఖాంగెల్స్క్‌లో దిగిన విదేశీ సైన్యాల్లో అమెరికన్లూ ఉన్నారు. సోవియట్ ప్రభుత్వాన్ని అమెరికా గుర్తించిందే 1933లో. హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడిన 1941 జూన్‌లో, అప్పటికి సెనేటర్‌గా ఉన్న ట్రూమన్, జర్మనీ గెలుస్తుంటే రష్యాకు, రష్యా గెలుస్తుంటే జర్మనీకి సాయం చేయాలని పత్రికలవాళ్లతో బహిరంగంగానే అన్నాడు, హిట్లర్ గెలవడం మాత్రం తనకు ఇష్టం లేదని చేర్చి. ఇంత వైరంతోనే ఆ తర్వాతి నాలుగేళ్లలో మిత్రదేశాలకు యుద్ధ సామగ్రి సమకూర్చే అమెరికా పథకం లెండ్-లీజ్ కింద సుమారు 1,100 కోట్ల డాలర్ల సరుకు వెళ్లింది. దాదాపు 4 లక్షల ట్రక్కులు, జీపులు. 2,000 దాకా రైలు ఇంజన్లు. ఒకటిన్నర కోట్ల జతల బూట్లు. కత్యూషా రాకెట్లు మోసిన వాహనాల్లో చాలావరకు స్టూడ్‌బేకర్ ట్రక్కులే. సరుకులో సగం వ్లాదివొస్తోక్ మీదుగా, మిగిలినది ముర్మాన్‌స్క్, అర్ఖాంగెల్స్క్ రేవుల నుంచీ ఇరాన్ రైలు మార్గం మీదుగానూ చేరింది. సిద్ధాంత వైరం పొత్తును ఆపలేకపోయింది. పొత్తును ఆపలేనిది ఒంటరిగా దాన్ని తెంచిందని చెప్పడం సరిపోదు.

పొత్తు పనిచేసిన పద్ధతి చూడాలి. తేలని ప్రశ్న వచ్చిన ప్రతిసారీ వాయిదా వేశారు. పశ్చిమ ఐరోపాలో రెండో యుద్ధరంగం 1942లోనే తెరుస్తామన్న ఆశ సోవియట్ విదేశాంగ మంత్రి మొలొతోవ్‌కు కల్పించారు. నార్మండీలో దిగింది 1944 జూన్ 6న. ఆ రెండేళ్లలో తూర్పున పోయిన ప్రాణాలు సోవియట్ ఖాతాలోనే పడ్డాయి. యుద్ధం ముగిసేసరికి సోవియట్ మృతులు సుమారు 2 కోట్ల 70 లక్షలు, అమెరికా మృతులు 4 లక్షల పైచిలుకు. ఈ తేడాను స్టాలిన్ ఎన్నడూ మర్చిపోలేదు. మర్చిపోతాడని అనుకోవడమే పొరపాటు.

1944 అక్టోబరు 9 రాత్రి క్రెమ్లిన్‌లో చర్చిల్ ఒక కాగితం మీద అంకెలు వేశాడు. రుమేనియాలో 90 శాతం రష్యాది, గ్రీసులో 90 శాతం బ్రిటన్‌ది, బల్గేరియాలో 75 శాతం రష్యాది, యుగోస్లావియా, హంగరీ సగం సగం. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టి కాగితం వెనక్కి తోశాడు. శాతం అంటే ఏమిటి? ఓట్లా, మంత్రి పదవులా, పోలీసులా, చమురా? ఎవరూ అడగలేదు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో జరిగిన ముగ్గురు నేతల సమావేశంలో పోలండ్ గురించి రాసిన వాక్యం మరీ దారుణం. సోవియట్లు అక్కడ నిలబెట్టిన ప్రభుత్వాన్ని 'విశాల ప్రజాస్వామిక ప్రాతిపదిక' మీద పునర్వ్యవస్థీకరించాలట. ఈ వాక్యాన్ని ఎక్కడా తెగకుండా యాల్టా నుంచి వాషింగ్టన్ దాకా సాగదీయొచ్చని రూజ్‌వెల్ట్ సైనిక సలహాదారు అడ్మిరల్ లేహీ అన్నాడు. అవునని ఒప్పుకున్నాడు రూజ్‌వెల్ట్, ఇప్పటికి చేయగలిగింది ఇంతే అన్నాడు. ఆ జవాబును నేను అసమర్థతగా చూడను. ఆ రోజున జపాన్ మీద సోవియట్ సైన్యం కావాలి, పోలండ్‌లో ఉన్నది సోవియట్ సైన్యమే. సాగే వాక్యం రాసుకోవడం తప్ప మార్గం లేదు.

యాల్టాలో మరో అంకె కూడా పడింది. జర్మనీ నుంచి 2,000 కోట్ల డాలర్ల నష్టపరిహారం, అందులో సగం సోవియట్ యూనియన్‌కు. అమెరికా దీన్ని 'చర్చకు ప్రాతిపదిక'గా ఒప్పుకుంది. సోవియట్లు ఖాయమైన హామీగా పట్టుకున్నారు. అసలు గొడవ ఇక్కడ మొదలై పోట్స్‌డామ్‌లో ముడిపడింది.

పోట్స్‌డామ్ సమావేశం 1945 జులై 17 నుంచి ఆగస్టు 2 దాకా జరిగింది. అక్కడి ఒప్పందంలో పక్కపక్కనే ఉన్న రెండు షరతులు చదివితే తర్వాతి నాలుగేళ్లు అర్థమవుతాయి. మొదటిది, జర్మనీని ఒకే ఆర్థిక వ్యవస్థగా చూడాలి. రెండోది, ఎవరి నష్టపరిహారం వాళ్లు తమ జోన్ నుంచే తీసుకోవాలి. జోన్ అంటే ఒక్కో సైన్యం పాలనలో ఉన్న భాగం: తూర్పున సోవియట్ యూనియన్‌ది, పశ్చిమాన అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లవి. అదనంగా, పశ్చిమ జోన్లలో అవసరానికి మించి ఉన్న భారీ యంత్రాల్లో 15 శాతం తూర్పు నుంచి వచ్చే ధాన్యం, బొగ్గు, కలపకు మారకంగా సోవియట్లకు ఇవ్వాలి, మరో 10 శాతం ఉచితంగా.

ఒకే ఆర్థిక వ్యవస్థ అన్నాక ఎగుమతుల డబ్బు ఒకే ఖాతాలో పడాలి, దిగుమతులకు అందులోంచే చెల్లించాలి. ఎవరి జోన్ నుంచి వాళ్లు పట్టుకెళ్లవచ్చని అన్నాక ఉమ్మడి ఖాతాకు మిగిలేదేమీ ఉండదు. ఈ రెండూ కలిపి నడవవు. రాసినవాళ్లకు ఇది తెలియక కాదు. అమెరికా విదేశాంగ మంత్రి బర్న్స్ మనసులో 1920ల అనుభవం ఉంది. అప్పుడు జర్మనీ మొదటి యుద్ధపు నష్టపరిహారం కట్టింది అమెరికన్ అప్పులతో. చివరికి నష్టపోయింది అమెరికన్ మదుపరులు. అందుకే ఎగుమతుల డబ్బులోంచి ముందు తిండి దిగుమతులకు చెల్లించాలి, మిగిలితేనే నష్టపరిహారం అని అమెరికా పట్టుబట్టింది. సోవియట్ వాదన కూడా అంతే గట్టిది. వాళ్ల ప్రభుత్వ లెక్కలో 1,710 పట్టణాలు, 70,000 గ్రామాలు ధ్వంసమయ్యాయి. ధ్వంసం చేసినవాడు తిన్నాక మిగిలితే మీకిస్తామనే మాట వినడానికి వాళ్లు సిద్ధంగా లేరు. నా దృష్టిలో రెండు వాదనలూ న్యాయమైనవే. రెండూ ఒకే బొగ్గు మీద నిలబడ్డాయి, చిక్కంతా అక్కడే.

ఆచరణలో ఏం జరిగిందో వరసగా చెప్తాను. సోవియట్లు తమ జోన్‌లో యంత్రాలు విప్పి రైళ్లకెక్కించారు. దాదాపు అన్ని మార్గాల్లోనూ రెండో రైలు పట్టా పీకి పట్టుకెళ్లారు. పట్టాలు పీకితే బళ్లు నడిచే వేగం సగానికి పడుతుంది, విప్పిన యంత్రాలు సైడింగుల్లో వానకు తుప్పు పడతాయి. అదే జరిగింది. ఫ్యాక్టరీ విప్పి తరలిస్తే దాని విలువలో చాలా భాగం దారిలోనే పోతుందని వాళ్లకూ అర్థమైంది. 1946 వేసవిలో పద్ధతి మార్చి, సుమారు 200 పెద్ద సంస్థలను అక్కడే ఉంచి సోవియట్ కంపెనీలుగా రాయించుకుని, ఉత్పత్తినే నష్టపరిహారంగా తీసుకోవడం మొదలుపెట్టారు. అంటే తమ జోన్ సరుకు ఉమ్మడి ఖాతాకు రాదు.

పశ్చిమాన పరిస్థితి వేరు. జర్మనీ గనులకు, పరిశ్రమలకు కేంద్రమైన రూర్ ప్రాంతపు బొగ్గు, ఉక్కు బ్రిటిష్ జోన్‌లో ఉన్నాయి, ధాన్యం లేదు. జర్మనీకి తిండి పెట్టిన తూర్పు భూముల్లో ఓడర్-నైసె నదుల అవతలివి పోలండ్‌కు పోయాయి. అక్కడి నుంచీ తూర్పు ఐరోపా నుంచీ తరిమేసిన లక్షలాది జర్మన్లు పశ్చిమ జోన్లకు చేరారు. 1946 మార్చిలో బ్రిటిష్ జోన్‌లో మనిషికి రోజు రేషను సుమారు 1,000 కేలరీలకు పడిపోయింది. యుద్ధమంతా రొట్టెకు రేషను పెట్టని బ్రిటన్, యుద్ధం గెలిచాక 1946 జులైలో తన ప్రజలకే రొట్టె రేషను పెట్టింది. ఓడించిన దేశానికి గోధుమలు పంపడానికి గెలిచిన దేశం కంచంలో రొట్టె తగ్గింది. ఒకవైపు మనం డబ్బు పోసి వీళ్లను మేపుతుంటే ఇంకోవైపు యంత్రాలు తూర్పుకు పోవడమేమిటని 1946 మే 3న అమెరికన్ జోన్ ఉప పాలకుడు జనరల్ క్లే యంత్రాల తరలింపు ఆపేశాడు. పొత్తు తెగిన తేదీ ఒకటి చెప్పమంటే అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ ఇనుప తెర ప్రసంగం చేసిన 1946 మార్చి 5 కాదు, ఈ మే 3 అంటాను. ప్రసంగానికి జవాబు ప్రసంగంతో చెప్పొచ్చు. ఆగిన వ్యాగన్‌కు జవాబు ఇంకో వ్యాగన్ ఆపడమే.

ఇక్కడ ఫ్రాన్స్ సంగతి చెప్పకపోతే అన్యాయం. జర్మనీ మొత్తానికి రవాణా, ఆర్థిక శాఖల వంటి కేంద్ర కార్యాలయాలు పెట్టాలని పోట్స్‌డామ్‌లో రాసుకున్నారు. 1945 శరదృతువులో నాలుగు దేశాల నియంత్రణ మండలిలో వాటిని వరసగా అడ్డుకున్నది ఫ్రాన్స్. తనను పోట్స్‌డామ్‌కు పిలవలేదు, తాను సంతకం పెట్టలేదు, బలమైన జర్మనీ తనకు వద్దు. మండలిలో ప్రతి నిర్ణయానికీ నలుగురూ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఎవరి జోన్‌లో వాళ్లదే రాజ్యం. ఇలాంటి నియమం పెట్టుకున్నాక విడిపోవడానికి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు, ఒక్కరు కాదంటే చాలు.

డబ్బు విషయంలోనూ ఇదే. 1945 జనవరిలోనే మొలొతోవ్ 600 కోట్ల డాలర్ల అప్పు అడిగాడు. జవాబు రాలేదు. మే నెలలో జర్మనీ లొంగిపోయిన నాలుగు రోజులకే లెండ్-లీజ్ సరుకు ఆపమన్న ఉత్తర్వును అధికారులు అక్షరాలా పాటించి, సముద్రం మీదున్న ఓడలను కూడా వెనక్కి తిప్పారు. తర్వాత దిద్దుకున్నారు కానీ మాస్కోలో ఆ చేదు మిగిలింది. ఆగస్టులో 100 కోట్ల డాలర్లకు కొత్తగా పెట్టిన దరఖాస్తు, శాఖలు మారేటప్పుడు కాగితాల్లో ఎక్కడో పడిపోయిందని 1946 మార్చిలో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. అదే ఏడాది బ్రిటన్‌కు 375 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. అప్పు దొరకనివాడు నష్టపరిహారం మీద మరింత గట్టిగా పట్టుబడతాడు. ఈ రెండూ ఒకే పద్దులో రెండు వైపులని వాషింగ్టన్‌లో కొందరికి తెలుసు, ఆ లెక్క మాత్రం ఎవరూ కలిపి చూడలేదు.

అణుబాంబు గురించి క్లుప్తంగా చెప్తాను. 1945 జులై 24న పోట్స్‌డామ్‌లో ట్రూమన్ స్టాలిన్ దగ్గరికి వెళ్లి, అసాధారణ విధ్వంస శక్తి ఉన్న కొత్త ఆయుధం తమ దగ్గరుందని చెప్పాడు. బాంబు తయారీలో పనిచేస్తూ గూఢచర్యం చేసిన శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ ద్వారా ఆ సంగతి అప్పటికే మాస్కోకు చేరింది. ఆగస్టు 20కల్లా స్టాలిన్ అనుచరుడు బేరియా కింద ప్రత్యేక కమిటీ ఏర్పడింది, 1949 ఆగస్టు 29న సెమిపలాతిన్‌స్క్‌లో సోవియట్ బాంబు పేలింది. ఇది ఇద్దరినీ అగ్రరాజ్యాలను చేసింది, నిజం. విడదీసింది మాత్రం ఇది కాదు. రూర్ బొగ్గు ఎవరికి పోవాలన్న ప్రశ్నకు బాంబు దగ్గర జవాబు లేదు.

అగ్రరాజ్యం అన్న మాటను 1944లో అమెరికన్ అధ్యాపకుడు విలియం ఫాక్స్ ప్రచారంలోకి తెచ్చినప్పుడు లెక్కలో ముగ్గురున్నారు, బ్రిటన్ మూడోది. మూడేళ్లలో ఆ మూడో పేరు కొట్టేయాల్సి వచ్చింది. 1947 ఫిబ్రవరి 20న బ్రిటిష్ ప్రధాని అట్లీ 1948 జూన్ లోపు ఇండియాను వదిలి వెళ్తామని పార్లమెంటులో చెప్పాడు. మర్నాడే గ్రీసు, టర్కీలకు ఇక సాయం చేయలేమని బ్రిటిష్ రాయబార కార్యాలయం వాషింగ్టన్‌కు చీటీ అందించింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మనలో తక్కువ. ఖాళీ అయిన ఖజానా ఒకటే. మార్చి 12న ట్రూమన్ ఆ రెండు దేశాలకు 40 కోట్ల డాలర్లు అడిగాడు. ముగ్గురిలో ఒకరు తప్పుకుంటే మిగిలిన ఇద్దరి మధ్య సర్దిచెప్పే మూడో మనిషి ఉండడు. ఆ స్థలం కోసమే ఇద్దరూ ఎదురుపడతారు.

ఇది ఐరోపాకే పరిమితమైన సంగతి కూడా కాదు. టిప్పు సుల్తాన్ మీద నిజాం, మరాఠాలు, ఇంగ్లీషు కంపెనీ కలిసి గెలిచింది 1792లో. కడప, గండికోట ప్రాంతాలు నిజాం వాటాకు వచ్చాయి. మూడేళ్లు తిరక్కుండా 1795లో ఖర్డా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించారు, కంపెనీ పక్కన నిలబడి చూసింది. భయపడిన నిజాం 1798లో కంపెనీ సైన్యాన్ని జీతం మీద పెట్టుకున్నాడు. 1799లో టిప్పు పడ్డాక గుత్తి, గుర్రంకొండ కూడా వచ్చాయి. ఆ సైన్యం ఖర్చు కింద 1800లో ఈ రెండు యుద్ధాల వాటా మొత్తం కంపెనీకే రాసిచ్చాడు. దత్తమండలాలు అన్న పేరు అలా పుట్టింది. అక్కడ మిత్రుల్లో ఒకడు మిగతా ఇద్దరికంటే బాగా బలపడ్డాడు కాబట్టి పోటీ కాదు, మింగివేత జరిగింది. 1945లో ఇద్దరూ సమానంగా బలపడ్డారు, అదే తేడా.

మళ్లీ నోటు దగ్గరికి. 1946 మేలో కోల్మ్, డాడ్జ్, గోల్డ్‌స్మిత్ అనే ముగ్గురు నిపుణులు క్లేకు కరెన్సీ సంస్కరణ ప్రణాళిక ఇచ్చారు. జర్మనీలో సరుకు లేదు, నోట్లు గుట్టలుగా ఉన్నాయి, బజారులో నిజమైన డబ్బు సిగరెట్టే. పాత నోట్లన్నీ తీసేసి పదింట ఒక వంతుకు కొత్తవి ఇవ్వాలన్నది ప్రణాళిక సారం. నాలుగు దేశాలూ సూత్రం ఒప్పుకున్నాయి. తెగనిదల్లా, నోట్లు ఎక్కడ అచ్చేయాలి? బెర్లిన్‌లో నలుగురి కాపలాలో ఉన్న ప్రభుత్వ ముద్రణాలయంలోనే అని అమెరికా. దాంతోపాటు తమ జోన్‌లోని లైప్‌జిగ్‌లో కూడా అని సోవియట్లు. 1944లో విమానం ఎక్కిన పలకల జ్ఞాపకం ఇక్కడ అడ్డం పడింది. రెండో జత పలకలు మళ్లీ సోవియట్ల చేతికిచ్చే ప్రశ్నే లేదని అమెరికన్లు బిగుసుకున్నారు. మీ మార్కులు ఎన్ని అచ్చేశారో చెప్పనే లేదుగా అన్నది వాళ్ల వాదన. నెలలు గడిచాయి, చర్చ లైప్‌జిగ్ దాటి ముందుకు కదల్లేదు.

ఈలోగా 1947 జూన్ 5న అమెరికా విదేశాంగ మంత్రి జార్జ్ మార్షల్ ఐరోపా సాయం ప్రతిపాదించాడు. ఎవరికి ఎంత కావాలో కూర్చుని లెక్క వేయడానికి మొలొతోవ్ పెద్ద బృందంతో పారిస్ వెళ్లాడు, సాయం తీసుకునే దేశాల లెక్కల పుస్తకాలు అందరి ముందూ తెరవాలనేసరికి జులై 2న లేచి వచ్చేశాడు. వస్తానన్న చెకోస్లొవాకియాను మాస్కో పిలిపించి ఆపింది. ఆ సాయం పనిచేయాలంటే పశ్చిమ జర్మనీలో విలువున్న డబ్బు కావాలి. 1947 శరదృతువు నుంచి అమెరికాలో రహస్యంగా కొత్త మార్కులు అచ్చయ్యాయి. సుమారు 23,000 పెట్టెలు బ్రెమర్‌హావెన్ రేవులో దిగి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని పాత రైఖ్‌బ్యాంకు భవనంలోకి చేరాయి. ఆ నోట్ల మీద జారీచేసిన బ్యాంకు పేరు లేదు, ఊరి పేరు లేదు, సంతకం లేదు. ఉండాల్సిన దేశం ఇంకా పుట్టలేదు.

1948 మార్చి 20న నియంత్రణ మండలి నుంచి సోవియట్ జోన్ పాలకుడు మార్షల్ సొకొలోవ్‌స్కీ బయటికి నడిచాడు. జూన్ 20 ఆదివారం పశ్చిమ జోన్లలో మనిషికి 40 కొత్త మార్కులు ఇచ్చారు, తర్వాత మరో 20. తూర్పులో చిక్కు వచ్చిపడింది. పశ్చిమాన చెల్లని పాత నోట్లన్నీ ఇప్పుడు తూర్పుకు వరదలా వస్తాయి. తూర్పు దగ్గర కొత్త నోట్లు సిద్ధంగా లేవు. పాత నోట్లకే తపాలా బిళ్లంత కాగితం ముక్కలు జిగురుతో అంటించి జూన్ 23న కొత్త డబ్బుగా ప్రకటించారు. చేతులు మారేకొద్దీ అంటించిన ముక్క ఊడిపోయేది. జనం వాటిని గోడకాగితం మార్కులన్నారు. నెల తర్వాత గానీ సరైన నోట్లు రాలేదు. బెర్లిన్ సోవియట్ జోన్ మధ్యలో ఉంది, కానీ నగరం కూడా నలుగురి మధ్య పంచి ఉంది, పశ్చిమ సగం మిగతా ముగ్గురిది. ఈ డబ్బే బెర్లిన్ మొత్తానికీ అని సోవియట్లు, కాదని పశ్చిమం. పశ్చిమ బెర్లిన్‌లో కొత్త మార్కుల మీద 'బి' అక్షరం ముద్ర కొట్టి పంచారు. జూన్ 24న సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, కాలువ దారులన్నీ మూసేశారు. 20 లక్షలకు పైగా జనం ఉన్న సగం నగరానికి దిగ్బంధం.

ఇక్కడ ఒక కాగితం గురించి చెప్పాలి. 1945 జూన్ 29న క్లే, బ్రిటిష్ జనరల్ వీక్స్, సోవియట్ సేనాధిపతి జుకోవ్ కూర్చుని బెర్లిన్‌కు ఒక రహదారి, ఒక రైలు మార్గం అని మాట్లాడుకున్నారు. అప్పటికి అమెరికన్ సైన్యం సాక్సనీ, తురింగియాల్లో లోపలిదాకా ఉంది. వెనక్కి వెళ్లే ముందే దారి హక్కు రాయించుకుని ఉండొచ్చు. రాయించుకోలేదు, నోటి మాటతో సరిపెట్టుకున్నారు. అది తన తప్పేనని క్లే తర్వాత ఒప్పుకున్నాడు. ఆకాశం సంగతి వేరు. విమానాలు ఢీకొంటాయన్న భయంతో 1945 నవంబరు 30న 32 కిలోమీటర్ల వెడల్పున మూడు గగన మార్గాలు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. 1948లో నోటి మాట మీదున్న దారులు మూసుకుపోయాయి. కాగితం మీదున్న దారులు తెరిచే ఉన్నాయి.

ఆ మార్గాల్లోనే 15 నెలల్లో 2,77,000కు పైగా విమానాలు 23 లక్షల టన్నులు మోశాయి. మూడింట రెండు వంతులు బొగ్గు. రోజుకు కనీసం 4,500 టన్నులు కావాలి. 3 టన్నులు మోసే సి-47తో అది కుదరదు, సుమారు 10 టన్నులు మోసే సి-54లు వచ్చాకే లెక్క కుదిరింది. 1948 ఆగస్టు 13న మబ్బుల్లో విమానాలు ఒకదాని మీద ఒకటి చక్కర్లు కొడుతూ చిక్కుకుపోయాక ఈ విమాన రవాణా నడిపిన జనరల్ టన్నర్ ఒక నియమం పెట్టాడు. దిగడం తప్పితే రెండో ప్రయత్నం లేదు, సరుకుతో సహా వెనక్కి పోవాలి. మూడు నిమిషాలకొక విమానం అలా సాధ్యమైంది. బొగ్గు పొడి నియంత్రణ తీగల్లో చేరి వాటిని అరగదీసేది. ఉప్పు లోహాన్ని తినేస్తుంది కాబట్టి సముద్రపు నీటికి తట్టుకునేలా కట్టిన సండర్‌లాండ్ నీటి విమానాల్లో ఉప్పు తెచ్చి బెర్లిన్‌లోని హావెల్ నది మీద దించారు. 1949 ఏప్రిల్ 16న ఒక్క రోజులో 1,398 విమానాలు 12,941 టన్నులు దించాయి. పశ్చిమం కూడా తూర్పుకు బొగ్గు, ఉక్కు ఆపేసింది, అది తూర్పును గట్టిగానే దెబ్బతీసింది. మే 12న దిగ్బంధం ఎత్తేశారు. అప్పటికే నాటో ఏర్పడింది. మే 23న పశ్చిమ జర్మనీ, అక్టోబరు 7న తూర్పు జర్మనీ పుట్టాయి.

నా వాదనకు గట్టి అభ్యంతరం పోలండ్. 1944 ఆగస్టులో వార్సా జర్మన్ల మీద తిరగబడి 63 రోజులు పోరాడితే సోవియట్ సైన్యం విస్తులా అవతల ఆగిపోయింది, సాయం మోసుకొచ్చే పశ్చిమ విమానాలకు తన విమానాశ్రయాలు వారాలపాటు నిరాకరించింది. ఇంతకంటే పెద్ద నమ్మకద్రోహం ఏముంటుందని పోలిష్ పాఠకుడు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. నైతికంగా పొత్తు అక్కడే చచ్చింది. కానీ 1945 జులై 5న సోవియట్ల అండ ఉన్న వార్సా ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటన్ గుర్తించాయి. పోలండ్‌ను దిగమింగుకుని ముందుకు పోగలిగారు. జర్మనీ విషయంలో అలా పోలేకపోయారు, ఎందుకంటే అక్కడ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, వంటగది ఒకటే.

సిద్ధాంతమే కారణమనేవాళ్లు ఆస్ట్రియా చూడాలి. అవే నాలుగు సైన్యాలు, అవే నాలుగు జోన్లు, బెర్లిన్ లాగే ముక్కలైన వియన్నా. అయినా ఆస్ట్రియా చీలలేదు. 1945 ఏప్రిల్‌లోనే కార్ల్ రెన్నర్ కింద దేశం మొత్తానికి ఒక ప్రభుత్వం ఏర్పడింది. దాన్ని మొదట నిలబెట్టిందే సోవియట్లు. పశ్చిమం అనుమానించి, ఆ శరదృతువులో ఒప్పుకుంది. పోట్స్‌డామ్‌లో ఆస్ట్రియా మీద నష్టపరిహారం వద్దనుకున్నారు. జర్మన్ల పేరనున్న ఆస్తులను సోవియట్లు తీసుకున్నారు, అది నష్టమే, కానీ హద్దు తెలిసిన నష్టం. 1946 జూన్ ఒప్పందంలో ఒక నియమం తిరగేసి రాశారు. ఆస్ట్రియా చేసే మామూలు చట్టాలకు నలుగురి అనుమతీ అక్కర్లేదు, 31 రోజుల్లో నలుగురూ కలిసి కాదంటేనే ఆగుతుంది. జర్మనీలో ఒక్కరు కాదంటే పని ఆగేది, ఆస్ట్రియాలో ఒక్కరు కాదన్నా పని సాగేది. 1955 మే 15న ఒప్పందం కుదిరి ఆ శరదృతువుకల్లా నాలుగు సైన్యాలూ వెళ్లిపోయాయి. రూర్ లాంటి గని అక్కడ లేదన్నది నిజమే, ఆ తేడాను నేను తక్కువ చేయను. అయినా తేడాలో సగం ఆ 31 రోజుల వాక్యంలో ఉందని నమ్ముతాను.

సొకొలోవ్‌స్కీ బయటికి నడిచిన భవనం బెర్లిన్‌లోని క్లైస్ట్ పార్కు పక్కన ఉంది. 500కు పైగా గదులు. నియంత్రణ మండలి మళ్లీ అక్కడ సమావేశం కాలేదు. కొద్ది గదులు మాత్రం వాడుకలో మిగిలాయి, అవి గగన భద్రతా కేంద్రానివి. మూడు మార్గాల్లో వచ్చే ప్రతి విమానం వివరం చీటీ మీద రాసి నాలుగు దేశాల అధికారులు బల్ల చుట్టూ ఒకరికొకరు అందించుకునేవారు. దిగ్బంధం సాగినన్నాళ్లూ, ఆ విమానాలను ఆపాలని కోరుకున్న దేశపు అధికారి కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుని చీటీలు తీసుకున్నాడు. 1990 డిసెంబరు 31 దాకా ఆ గది పనిచేసింది.